పెన్సిలు రాత

నవంబరు పంతొమ్మిది, గురువారం. ఆ సాయంత్రం మొగుడూ పెళ్లాలిద్దరూ తిన్నది కాల్చిన రొట్టె, ఉడకబెట్టిన గుడ్లు, ఉప్పు చల్లిన ఉల్లిపాయ ముక్కలు. గుడ్లు మూడే ఉన్నాయి. మూడోదాన్ని ఆమె దారంతో రెండు ముక్కలు చేసి, పెద్దది ఆయన పళ్లెంలో వేస్తూ, సర్వేలో పనిచేసే అతన్ని మధ్యాహ్నం మాన్పించేశానని చెప్పింది. ఆమె యూనివర్సిటీలో పాఠాలు చెబుతుంది. ఆ సర్వే మీద రాసిన ఆమె మొదటి పుస్తకం అప్పటికి అచ్చులో ఉంది. మిల్లు వీధుల్లో ఇల్లిల్లూ తిరిగి ఫారాలు నింపుకొచ్చినవాడు అతనే. పుస్తకం ప్రూఫులు చదివి, నేరుగా ఆమె గదికి వచ్చి, ఇదంతా తప్పు అన్నాడట. వీధుల వాళ్లు నోరు విప్పలేదని మీరు రాశారు, వాళ్లు నన్ను కూర్చోబెట్టి గంటలకొద్దీ చెప్పారు, చెప్పిందంతా ఫారం వెనక రాశాను అన్నాడట.

"వాడి ఎదురుగానే కట్ట విప్పి తిప్పి చూశాను," అంది ఆమె. "ఒక్క ఫారం వెనకా గీత కూడా లేదు. తెల్లగా ఉన్నాయి. మనిషి మొహం మీద అంత అబద్ధం ఎలా చెప్పగలడండీ?"

ఆయన చేతిలో రొట్టె నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఆ తెలుపు ఫారానిది కాదు. ఆయన అంటించిన కాగితానిది.

ఆయన బైండింగ్ షాపులో మేస్త్రీ. ఫారాలు అచ్చు వేసింది ఉల్లిపొర లాంటి చవక కాగితం మీద. కంప్యూటరు గదిలో రెండు చేతులు మారేసరికి చిరిగిపోతున్నాయని ఆమె ఒకరోజు కళ్లనీళ్లు పెట్టుకుంటే, ఆయన పన్నెండు వందల ఫారాలూ షాపుకి పట్టుకెళ్లి, ఒక్కొక్కదాని వెనకా మందపాటి కాగితం అంటించి, మూడోనాటికి కట్టలు కట్టి తెచ్చి ఇచ్చాడు. ఫారాలు గట్టిపడ్డాయని సంతోషించిందే గానీ, ఎలా గట్టిపరిచారని ఆమె అడగలేదు. అంటిస్తున్నప్పుడు కొన్నిటి వెనక సన్నటి పెన్సిలు రాత కనబడింది. బైండింగ్ పనిలో పెన్సిలు రాత లెక్కలోకి రాదు. పెన్నుతో ఉన్నది నిలవాల్సింది, పెన్సిలుతో ఉన్నది పనివాళ్లు తమకోసం వేసుకున్న గుర్తు, బంక కింద పోవలసిందే. పదహారో ఏట నేర్చుకున్న పాఠం అది. చెయ్యి ఆగలేదు. బాల్‌పెన్నుతో రాస్తే పల్చటి కాగితంలో అటువైపు అంకెల మీదికి దిగుతుందని ఆ సర్వే అతను పెన్సిలు పట్టాడని ఆయనకెలా తెలుస్తుంది.

తెలిసింది మాత్రం ఆ సాయంత్రం, రొట్టె చేతిలో ఉండగా. చెప్పడానికి ఒక్క వాక్యం చాలు. కానీ నాలుగేళ్ల చాకిరీ తర్వాత ఆమె మొహం అప్పుడప్పుడే తేటపడుతోంది. పుస్తకం ఇంకో పది రోజుల్లో బయటికి వస్తుంది.

"ఇంకో రొట్టె కాల్చనా?" అన్నాడు ఆయన.

*

ముప్ఫై ఆరేళ్లు గడిచాయి. ఆమె పోయి పదకొండు నెలలు. ఆ సోమవారం పొద్దున యూనివర్సిటీలో రాజనీతి శాస్త్ర విభాగం నుంచి ఫోన్ వచ్చింది. చేసింది ఆమె శిష్యురాలు, ఇప్పుడు ఆ విభాగానికి హెడ్డు. ఆమెని అందరూ మేడం అనేవాళ్లు కాబట్టి ఈ అమ్మాయి ఉద్యోగంలో చేరిన రోజునే చిన్న మేడం అయింది. యాభై దాటినా చిన్న మేడమే. శుక్రవారం మేడం పుస్తకం కొత్త ముద్రణ విడుదల అనీ, ఆ సర్వే అసలు ఫారాలు మీ ఇంట్లో అటక మీద ఉండాలనీ, అవి ఇస్తే లైబ్రరీలో అద్దాల పెట్టెలో పెడతామనీ చెప్పింది. పరిశోధన చేసే పిల్లలు కళ్లకద్దుకుంటారు బాబాయ్ గారూ అంది.

ఆయన సరేనని ఫోన్ పెట్టేసి, కుర్చీలోంచి లేవలేదు. అద్దాల పెట్టెలోకి వెళితే ఇక వాటి వెనక ఎవరూ చూడరు. ఇన్నేళ్లూ ఆయన తనకి తాను చెప్పుకున్న మాట ఒక్కటే, తెలిస్తే ఆమె తట్టుకోలేదని. ఇప్పుడు తట్టుకోవలసిన మనిషి లేదు. ఆ సాకు ఆమెతోపాటే వెళ్లిపోయింది.

మధ్యాహ్నానికి కట్టలన్నీ కిందికి దిగాయి. ఏ కట్టలో ఏ వీధులున్నాయో అట్ట మీద ఆమె రాసే ఉంచింది. మిల్లు వీధుల ఫారాల్లో, కష్టం వస్తే ఎవరికి చెప్పుకుంటారు అన్న ప్రశ్న కింద ఐదు గడులున్నాయి. వార్డు మెంబరు, ఆఫీసు, పోలీసు, పని ఇచ్చే యజమాని, చివర 'పైవేవీ కావు'. ఆ చివరి గడిలో టిక్కు ఉన్నవి నాలుగు వందల పన్నెండు. ఆమె పేరు దేశదేశాలకీ తెలిసింది ఆ నాలుగు వందల పన్నెండు టిక్కుల వల్లే. వీళ్లు ఎవరికీ చెప్పుకోరు, అడగనివాళ్లు అడగక్కర్లేదనుకున్నవాళ్లు, వాళ్ల మౌనమే వాళ్ల సమ్మతి అని ఆమె రాసింది. పుస్తకం వచ్చిన రెండో ఏట నగరపాలక సంఘం, జనం తమ కష్టాలు చెప్పుకోవడానికి పెట్టే వీధి సభలు ఎత్తేసింది. ఎత్తేయమని చెప్పిన కమిటీ నివేదిక మొదటి పేజీలోనే ఆ వాక్యం ఉంది. ఆ నివేదికకి అట్ట వేసింది కూడా ఆయన షాపే.

మైదా బంక నీళ్లకి లొంగుతుంది. పెన్సిలు రాత లొంగదు. ఆ రెండూ అలా కుదరడం తన అదృష్టమే అనుకున్నాడు ఆయన. పెద్ద ట్రేలో గాజుపలక వేసి, ఫారాన్ని దాని మీద బోర్లా పడుకోబెట్టి, గోరువెచ్చటి నీళ్లలో ముంచి పిండిన గుడ్డ పైన పరిచాడు. పావుగంట ఆగాలి. తొందరపడితే ఉల్లిపొర చిరుగుతుంది. తర్వాత ఒక మూల, కాగితం మడతలు నొక్కే ఎముక పలకతో మెల్లగా గోకితే, మెత్తబడ్డ బంక లేత నీలంగా జారుతుంది. పురుగు పట్టకుండా ఆ రోజు ఆయనే కలిపిన మైలుతుత్తం రంగు అది. లాగకూడదు. నిద్రపోతున్న పిల్ల మీద నుంచి దుప్పటి తీసినట్టు, దానంతటది వదిలేదాకా ఒలుచుకుంటూ పోవాలి. డెబ్బై నాలుగేళ్ల చేతులు ఇంకా వణకలేదు.

మొదటి ఫారం వెనక పదిహేను వరుసల రాత ఉంది. అక్షరం చిన్నది, వంకర లేదు.

'ఎవరికో ఎందుకు చెప్పుకుంటాం బాబూ, మాకు మేమే చెప్పుకుంటాం. జీతాల ముందురోజు మిల్లు మెట్ల మీద కూర్చుంటాం. అందరూ వచ్చేదాకా మొదలుపెట్టం. పోయిన నెల మా ఆయన నన్ను కొట్టిన సంగతి అక్కడే తేలింది. నేను నోరెత్తలేదు. నా చెయ్యి వాచి ఉంటే చూసి వాళ్లే ఆయన్ని అడిగారు.'

రెండోదాని వెనక, 'మెంబరు దగ్గరికి వెళ్తే కుర్చీ చూపిస్తాడు. మనం కూర్చునేలోపు తను లేచి వెళ్తాడు.' మూడోదాని మీద ఒక ముసలాయన మాట, 'నేను చెప్పేది పెద్దది, నీ కాగితం చాలదు.' నిజంగానే చాల్లేదు. రాత నాలుగు అంచుల వెంటా చుట్టూ తిరిగి, నిలువుగా మూలకి చేరి ఆగింది. ఇంకొకదాని మీద, 'కిందటి వానాకాలం కాలవ పొంగితే ఏ ఇంటివాళ్లు ఏ ఇంట్లో పడుకోవాలో మెట్ల మీదే రాసుకున్నాం. ఆఫీసు వాళ్లు నాలుగో రోజుకి వచ్చారు. అప్పటికి బట్టలు కూడా ఆరిపోయాయి.'

మంగళవారం రాత్రి పడుకోబోయే వేళకి అరవై మూడు ఫారాలు ఒలిచాడు. అద్దుడు కాగితాల మధ్య పెట్టి, పైన ఇస్త్రీ పెట్టె బరువుంచాడు. వీధులకి వీధులు మాట్లాడుతున్నాయి. ఆమె ఇవి చదివి ఉంటే ఇంకో పుస్తకం రాసేది. దీనికంటే గొప్పది రాసేది. ఆ సంగతి ఆయనకి ఇప్పుడే తట్టింది. అంతవరకూ ఆమెకి రాబోయే అవమానం ఒక్కటే కనబడింది. ఆమె దగ్గర్నుంచి తను లాక్కున్న పుస్తకం కనబడలేదు.

*

బుధవారం ఆరిన ఫారాలు అట్టల మధ్య సర్దుకుని విభాగానికి వెళ్లాడు. సెమినార్ హాల్లో కుర్చీలకి తెల్ల తొడుగులు వేస్తున్నారు. వాచ్‌మన్ ఆయన్ని గుర్తుపట్టి, లిఫ్టు పనిచెయ్యడం లేదని, మొదటి అంతస్తు మలుపులో ఒక కుర్చీ తెచ్చి వేశాడు, కూర్చుని వెళ్లండి అని. మలుపులో గోడ మీద ఆమె ఫోటో ఉంది. ఫోటోలో ఆమె, ఎవరో చమత్కారం చెప్పి నవ్వమన్నా నవ్వనట్టు ఉంది.

చిన్న మేడం తలుపు వేసి, టీ పోసి, ఆయన చెప్పిందంతా విని, ఏడెనిమిది ఫారాలు నెమ్మదిగా చదివింది. ఒకచోట పెదవి కొరుక్కుంది. తర్వాత కళ్లద్దాలు తీసి తుడిచి పెట్టుకుంది. దాంతో ఆమె మొహం మళ్లీ హెడ్డు మొహం అయింది.

"బాబాయ్ గారూ, ఆ సిద్ధాంతం ఇప్పుడు ఈ ఫారాల మీద నిలబడి లేదు. పంతొమ్మిది దేశాల్లో వాడుతున్నారు. డిగ్రీ పిల్లలకి రెండు మార్కుల ప్రశ్న."

"మరి దేని మీద నిలబడిందమ్మా?"

ఆ అమ్మాయి అబద్ధం చెప్పలేకపోయింది. "ఒకరి రాతల మీద ఒకరివి," అంది.

తన పిహెచ్‌డీ కూడా దాని మీదేనని, తన కింద ఆరుగురు పిల్లలు అదే పనిలో ఉన్నారని, కొత్త ముద్రణ అట్టలు కూడా అచ్చయిపోయాయని చెప్పింది. ఫారాలు ఇవ్వండి, ఒలిచినవి వేరే పెట్టెలో సీలు వేసి పెడదాం, ముందు ముందు ఎవరైనా చూస్తారు అంది. గొంతులో విసుగు లేదు, బతిమాలడం ఉంది. ఆయన లేస్తుంటే, మేడం ఏనాడూ ఈ పుస్తకం గురించి పాఠం చెప్పేవారు కాదండీ అంది. ఎన్నిసార్లు పిలిచినా ఏదో కమిటీ పని ఉందనేవారు, రెండో పుస్తకం రాయమని అడిగితే నవ్వి ఊరుకునేవారు, మేమంతా వినయం అనుకునేవాళ్లం అంది.

ఆయన కూడా అలాగే అనుకున్నాడు. లేదా అలసట అనుకున్నాడు. మెట్లు దిగుతూ మలుపులో కుర్చీ ఇంకా అక్కడే ఉంటే కూర్చున్నాడు.

*

సర్వే చేసిన అతను ఇప్పుడు రిజిస్ట్రేషను ఆఫీసు గోడవారన అర్జీలు రాస్తాడని ఆయనకి తెలుసు. ఎన్నో ఏళ్లుగా తెలుసు. ఆ వీధిలో పనిపడితే పక్క వీధిలోంచి వెళ్లేవాడు. మేడం సర్టిఫికెట్టు ఇవ్వకపోవడంతో అతనికి ఏ కాలేజీలోనూ ఉద్యోగం రాలేదు.

గురువారం రేకు నీడ కింద బెంచీ మీద నలుగురు ఉన్నారు. ఆయన ఐదోవాడుగా కూర్చున్నాడు. అర్జీలాయన జుట్టు నెరిసింది, మెడ వంగింది, కానీ పెన్సిలు రాత మారలేదు. ఒకావిడ ఇంటి పట్టాలో తన పేరు లేదని అర్జీ రాయించుకోవడానికి వచ్చి, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక తమ్ముడి పెళ్లి దగ్గర మొదలుపెట్టింది. వెనక నుంచి ఎవరో, అమ్మా, మాకు పొద్దుగూకుతుంది, తమ్ముడికి పిల్లలు పుట్టేలోపు ముగించు అన్నారు. బెంచీ అంతా నవ్వింది. అర్జీలాయన నవ్వలేదు. నువ్వు చెప్పాలనుకున్నది ముందు చెప్పమ్మా, ఆఫీసుకి కావలసింది తర్వాత రాద్దాం అని, ఒక చిత్తుకాగితం మీద పెన్సిలుతో అంతా రాసుకున్నాడు. తమ్ముడి పెళ్లి కూడా.

ఆయన వంతు వచ్చేసరికి ఎండ బెంచీ మీదికి పాకింది. అర్జీలాయన లేచి గొడుగు తెరిచి ఆయన వైపు కట్టాడు.

"కూర్చోండి అన్నగారూ. మేడం గారి మేస్త్రీ గారు కదా."

ఆయన అట్టలు విప్పి ముందు పెట్టాడు. అర్జీలాయన చాలాసేపు ముట్టుకోలేదు. తర్వాత మొదటిది తీసి చదివాడు, పెదవులు కదులుతుండగా. ఈవిడ పోయిందండీ అన్నాడు. ఇంకోటి తీసి, ఈయనా పోయాడు, కాగితం చాలదన్న ముసలాయన, పాపం నిజంగానే చాల్లేదు అన్నాడు. మిల్లు మెట్లకి ఇనప కంచె వేసి తాళం పెట్టారని, ఇప్పుడు అక్కడ బళ్లు నిలుపుతున్నారని చెప్పాడు.

అప్పుడు ఆయన చెప్పాడు. ఉల్లిపొర కాగితం, బంక, పెన్సిలు, నవంబరు పంతొమ్మిది, అన్నీ. తమ్ముడి పెళ్లి విన్నట్టే అర్జీలాయన మధ్యలో అడ్డురాకుండా విన్నాడు. వినడం అయ్యాక బల్ల మీద పెన్సిలు ముక్కని అటూ ఇటూ దొర్లించాడు.

"బంక సంగతి నాకు తెలుసండీ. మేడం గారు చెప్పారు."

"ఎప్పుడు?" అన్నాడు ఆయన.

అర్జీలాయన చెప్పుకొచ్చాడు. ఇరవై ఏడేళ్ల కిందట వానలకి విభాగం పైకప్పు కారి ఒక కట్ట తడిసిందట. ఒక ఫారం దానంతటదే ఊడితే మేడం దాన్ని పుస్తకంలో పెట్టుకుని ఇక్కడికి వచ్చింది. ఇదే బెంచీ. ఇది నీ రాతేనా అని అడిగింది. అవునంటే ఇక మాట్లాడలేదు, సాయంత్రం అర్జీలన్నీ అయిపోయేదాకా అలాగే కూర్చుంది. ఉద్యోగం ఇప్పిస్తానంది. ఉద్యోగం వద్దండీ, ఉన్నది ఉన్నట్టు రాసి పత్రికకి పంపండి అని అతను అడిగాడు. రాస్తానంది. వారం తర్వాత మళ్లీ వచ్చి, రాయలేనంది.

"వెనక కాగితం ఎవరు అంటించారని అడుగుతారు, మా ఆయన నేనే అంటాడు, ఆ తర్వాత ఆ మనిషి మనిషిగా మిగలడు అన్నారు. ఆయనకి తెలియదు, తెలియనివ్వకు అని నా చేతులు పట్టుకున్నారు. అంత చదివినావిడ, నా చేతులు."

ఆయనకి ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి. ఇరవై ఏడేళ్లు. తడిసిన కట్ట బాగుచేస్తాను ఇవ్వు అని తను అడగడం, అక్కర్లేదండీ ఆరిపోయింది అని ఆమె అనడం. కట్టలన్నీ ఇంటికి తెప్పించి ఆమె తనే స్టూలెక్కి అటక మీద పెట్టడం. ఒకే దుప్పటి కింద ఆమె అటు తిరిగి పడుకుని ఆయన సంగతి కడుపులో పెట్టుకుంది, ఆయన ఇటు తిరిగి పడుకుని ఆమె సంగతి కడుపులో పెట్టుకున్నాడు. ఇద్దరి దగ్గరా ఉన్నది ఒకటే సంగతి. ఒక్కరు నోరు విప్పినా ఇద్దరూ ఏడ్చి తెల్లారేసరికి లేచి ఉండేవాళ్లు. పుస్తకం రెండోసారి రాసుకుని ఉండేవాళ్లు.

"ఆవిడ మిమ్మల్ని కాపాడారు, మీరు ఆవిణ్ణి కాపాడారు," అన్నాడు అర్జీలాయన. కోపంగా అనలేదు, లెక్క సరిచూసుకుంటున్నట్టు అన్నాడు. "మొగుడూ పెళ్లాలన్నాక అలాగే ఉండాలి. నేను కాదనను. కానీ అన్నగారూ, మీ మంచితనం మీ ఇంట్లోనే సరిపోయింది. బయటికి రాలేదు."

మీరైనా ఎవరికైనా చెప్పవలసింది కదా అన్నాడు ఆయన.

"అందరి అర్జీలూ నేను రాస్తాను. నాది రాసేవాడేడండీ?" అని అర్జీలాయన మొదటిసారి నవ్వాడు.

అయితే నాది రాయండి అన్నాడు ఆయన.

అర్జీలాయన బల్ల తుడిచి కొత్త తెల్ల కాగితం పరిచాడు. వయసు, వృత్తి అడిగి రాశాడు. పన్నెండు వందల ఫారాలు ఎవరి మాట మీద తీసుకెళ్లారు, ఏ బంక, ఎన్ని రోజులు, పెన్సిలు రాత కనబడిందా లేదా, కనబడితే ఎందుకు ఆగలేదు, అన్నీ వరుసగా అడిగి రాశాడు. వేరే ఎవరో అర్జీదారుణ్ణి అడిగినట్టే అడిగాడు. అది ఆయనకి మేలు చేసింది. సగం పేజీ దాటాక పెన్ను ఎత్తి పట్టుకున్నాడు.

"ఈ సంగతి మేడం గారికి తెలుసా తెలియదా అన్నది రాయాలి. రాయకపోతే ముందు అడిగేది అదే. ఏది రాయమన్నా రాస్తాను. నేను కాదని ఎక్కడా చెప్పను."

తెలియదు అంటే తప్పంతా ఆయనది. ఆమెకి మచ్చ ఉండదు. ఏమీ తెలియక, తన ముందున్న తెల్ల కాగితాన్ని నమ్మిన పండితురాలు. అలా అనిపించడానికి ఆయన ముప్ఫై ఆరేళ్లు నోరు కట్టుకున్నాడు. ఇంకొక్క మాటతో అది గట్టిపడుతుంది, ఇక ఎవరూ కదపలేరు. ఎదురుగా ఉన్న మనిషి, ఉద్యోగం పోయిన మనిషి, దానికి కూడా సిద్ధంగా ఉన్నాడు. బెంచీ చివర కొత్తగా వచ్చినవాళ్లు దగ్గారు. అర్జీలాయన వాళ్లని చేత్తో ఆగమన్నాడు. పెన్ను అలాగే ఉంది.

"తెలుసు అని రాయండి," అన్నాడు ఆయన.

"ఎప్పటినుంచి?"

"ఇరవై ఏడేళ్ల నుంచి."

అర్జీలాయన రాసి, మొదటి నుంచి చివరిదాకా పైకి చదివి వినిపించాడు. వినేటప్పుడు ఆ వాక్యం దగ్గర ఆయన తల పక్కకి తిప్పుకున్నాడు. సంతకం మాత్రం ఎప్పటిలాగే, అక్షరాలు విడివిడిగా, పుస్తకం వెన్ను మీద పేరు ముద్రించినట్టు పెట్టాడు.

*

ఆ సాయంత్రమే ఆ అర్జీ కాగితాన్ని చిన్న మేడం చేతికి ఇచ్చాడు. ఆమె నిలబడే చదివింది. ఆ వాక్యం దగ్గరికి వచ్చేసరికి కూర్చుంది. మిగతాదంతా ఉంచుదాం బాబాయ్ గారూ, ఈ ఒక్క లైను తీసేద్దాం, ఆవిడ ఇప్పుడు వచ్చి తన మాట చెప్పుకోలేరు కదా అంది.

"ఆ లైను తీస్తే మిగతాదీ తీసెయ్యమ్మా," అన్నాడు ఆయన. అని, ఇక అక్కడ ఉండలేక వచ్చేశాడు.

శుక్రవారం సభకి వెళ్లలేదు. వేదిక మీద ఆయన కోసం వేసిన కుర్చీ ఖాళీగా ఉంటుందని తెలుసు. పగలంతా మిగతా ఫారాలు ఒలుస్తూ కూర్చున్నాడు. నూట పదకొండోది మూల దగ్గర చిరిగింది. చేతులు తుడుచుకుని మళ్లీ మొదలుపెట్టాడు. ఆమె మీద కోపం వస్తోంది. పెళ్లయ్యాక ఎప్పుడూ రానంత కోపం. ఎవరి మీద చూపించాలో తెలియక గుడ్డని గట్టిగా పిండాడు.

దీపాలు పెట్టే వేళకి చిన్న మేడం వచ్చింది. సభలో కట్టుకున్న చీరలోనే ఉంది. ఒక చేతిలో కొత్త ముద్రణ కాపీ, ఇంకో చేతిలో ఎవరో ఇచ్చిన పూలగుత్తి, ఏది ఎక్కడ పెట్టాలో తెలియనట్టు రెండూ పట్టుకునే కూర్చుంది. చదివానండీ అంది. స్వాగతం పలకడానికి లేచి, స్వాగతానికి బదులు అదే చదివాను, మొత్తం, ఆ లైనుతో సహా అంది. ముందు వరసలో పెద్దవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారట. ఒకాయన లేచి, ఇది వ్యక్తిగత విషయం, పుస్తకం విలువకి దీనితో సంబంధం లేదు అని పదినిమిషాలు మాట్లాడాడట. ఇంకొకాయన, వచ్చే ముద్రణలో ముందుమాట మారుస్తారా అని అడిగాడట. తర్వాత అందరూ టీకి వెళ్లారు. తన దగ్గర పరిశోధన చేసే ఆరుగురిలో ఒకమ్మాయి మాత్రం హాల్లోనే ఉండిపోయి, మిగిలిన ఫారాలు ఎక్కడున్నాయి మేడం, నేను చదవొచ్చా అని అడిగిందట.

అర్జీలాయన వచ్చాడా అని ఆయన అడిగాడు. వెనక గోడకి ఆనుకుని నిలబడ్డారండీ, కూర్చోమంటే కూర్చోలేదు, నేను చదవడం అయ్యాక చూస్తే లేరు అంది.

ఆయన మంచినీళ్లు తెచ్చి ఇచ్చాడు. తాగి, గ్లాసు ఒళ్లో పెట్టుకుని, ఆ అమ్మాయి చిన్నపిల్లలా ఏడ్చింది.

"మేడం మీద కోపం వస్తోంది బాబాయ్ గారూ. ఇరవై ఏళ్లు ఆవిడ వెనక నడిచాను. చచ్చిపోయినావిడ మీద కోపం ఏంటి అనిపిస్తోంది. పోవడం లేదు."

"నాకూ వస్తోందమ్మా," అన్నాడు ఆయన. "రానీ. ఇన్నాళ్లకి వచ్చింది."

ఆమె వెళ్లేటప్పుడు పూలగుత్తి బల్ల మీద పెట్టింది. కాపీ మాత్రం తీసుకెళ్లింది, దానిలో రాయవలసింది చాలా ఉందని. మిగతా ఫారాల కోసం ఆ పరిశోధన పిల్లని సోమవారం పంపుతానంది. ఆయన గుమ్మంలో నిలబడి, ఆమె వీధి చివర దీపం దాటి మలుపు తిరిగేదాకా చూశాడు. పక్కింట్లో పసిపిల్ల అప్పుడే పడుకున్నట్టుంది, గోడ అవతల నుంచి జోకొట్టే చప్పుడు నెమ్మదించి ఆగిపోయింది. ఆయన గడియ చప్పుడు కాకుండా వేలితో పట్టుకుని తలుపు వేశాడు.